విదేశాల్లో ఇంగ్లిష్ టీచరు ఉద్యోగం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఇటీవల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విదేశాల్లో ఇంగ్లిష్ బోధించే ఉద్యోగాల గురించే ఉండడంతో, ఈసారి స్థలమంతా వాటికే కేటాయించాము. ఒకే సందేహం పలువురు అడిగినప్పుడు ఆ ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాము. వీసా నియమాలు తరచుగా మారుతుంటాయి కనుక, దరఖాస్తుకు ముందు ఆయా దేశాల రాయబార కార్యాలయాల వెబ్‌సైట్లలో తాజా నియమాలను తప్పక చూసుకోవాలని మనవి.

ప్రశ్న: నేను ఇంగ్లిష్‌లో ఎం.ఏ., ఆపై బి.ఇడి. చేశాను. నాలుగేళ్లుగా హైస్కూలులో ఇంగ్లిష్ చెబుతున్నాను. విదేశీ ఉద్యోగాల ప్రకటనలు ఏవి చూసినా "నేటివ్ స్పీకర్లు మాత్రమే" అని ఉంటోంది. నాలాంటి వారికి అసలు అవకాశం ఉందా? ఉంటే ఏ దేశాల్లో?

అవకాశం ఉంది. అయితే మీరు వెతుకుతున్న క్రమాన్ని తలకిందులు చేసుకోవాలి. చాలామంది ముందు ప్రకటన చూసి, దరఖాస్తు పెట్టి, ఇంటర్వ్యూ కూడా అయిపోయాక వీసా సంగతి అడుగుతారు. ఈ రంగంలో తొలి వడపోత పోసేది స్కూలు కాదు, ఆ దేశపు ఇమిగ్రేషన్ శాఖ. మీ పాస్‌పోర్టుతో, మీ డిగ్రీతో ఏ దేశం ఏ రకం వీసా ఇస్తుందో ముందు తేల్చుకుంటే, చూడాల్సిన ప్రకటనలు నాలుగో వంతుకు తగ్గుతాయి. కానీ ఆ మిగిలినవి నిజంగా మీకు పనికొచ్చేవి అవుతాయి.

దక్షిణ కొరియాను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ విదేశీ భాష బోధించేవారికి ఇచ్చేది ఇ-2 వీసా. ఇంగ్లిష్ విషయంలో దాన్ని అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల పౌరులకే ఇస్తారు. వీధివీధినా కనిపించే హాగ్వాన్లనే ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలు మీ దరఖాస్తుకు జవాబు ఇవ్వకపోవడానికి మీ ఇంగ్లిష్ కారణం కాదు, వారు కోరుకున్నా మిమ్మల్ని చట్టబద్ధంగా పెట్టుకోలేరు. అయితే 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఇంగ్లిష్‌లో డిగ్రీ, దానితోపాటు టీచరు అర్హత ఉన్న భారతీయులను స్కూళ్లలో సహాయ ఇంగ్లిష్ టీచర్లుగా తీసుకునే వీలు ఆ ఒప్పందంలో కల్పించారు. ఆ దారిన వెళ్లేవారు చాలా తక్కువ. కానీ మీ అర్హతలు దానికి అచ్చంగా సరిపోతాయి కనుక అడిగి చూడడంలో నష్టం లేదు.

చైనాలో పరిస్థితి దాదాపు ఇలాంటిదే. భాషా టీచర్లు ఆ భాష మాతృభాషగా ఉన్న దేశపు పౌరులై ఉండాలన్నది అక్కడి సాధారణ నియమం. దానికి డిగ్రీ, రెండేళ్ల అనుభవం లేదా బోధనా సర్టిఫికెట్ తోడు కావాలి. పైగా 2021 జులైలో వచ్చిన ఆదేశంతో స్కూలు పాఠాలకు లాభాపేక్షతో నడిచే ట్యూషన్ సంస్థలు మూతపడి, ఆ రంగం బాగా కుంచించుకుపోయింది. మీ పాస్‌పోర్టుతో చైనాలో ఇంగ్లిష్ ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా అంటే, వారు ఏ వీసా మీద పంపుతామంటున్నారో వెంటనే అడగండి.

జపాన్ కొంత భిన్నం. స్కూళ్లలో విదేశీ భాష చెప్పేవారికి ఇచ్చే "ఇన్‌స్ట్రక్టర్" వీసాకు అక్కడి నియమం పాస్‌పోర్టును కాక చదువును చూస్తుంది: బోధించబోయే భాషా మాధ్యమంలో కనీసం పన్నెండేళ్లు చదివి ఉండాలి. ఇంగ్లిష్‌ను ఒక సబ్జెక్టుగా చదివితే చాలదు, అన్ని సబ్జెక్టులూ ఇంగ్లిష్ మీడియంలో చదివి ఉండాలి. స్కూలు, కాలేజీల నుంచి మీడియం ధ్రువపత్రాలు తెచ్చుకోగలిగితే మీరు ఈ అడ్డంకి దాటుతారు. విదేశీయులను స్కూళ్లలో సహాయ భాషా టీచర్లు వంటి పదవులకు తీసుకునే జెట్ కార్యక్రమం జపాన్ ప్రభుత్వానిది, 1987 నుంచి నడుస్తోంది. అందులో ఒక ఏడాది ఒప్పందాన్ని గరిష్ఠంగా ఐదేళ్ల వరకు పొడిగిస్తారు. ఏయే దేశాల నుంచి ఏ పదవికి తీసుకుంటారో ఏటా ఆయా రాయబార కార్యాలయాలు ప్రకటిస్తాయి. అది కాకుండా, సహాయ టీచర్లను స్కూళ్లకు సమకూర్చే ప్రైవేటు కంపెనీలు ఉన్నాయి. వాటి జీతం జెట్ కంటే తక్కువగా ఉంటుంది, సెలవు నెలల్లో మరీ తగ్గించే కంపెనీలూ ఉన్నాయి.

థాయ్‌లాండ్‌లో ఫిలిప్పీన్స్ టీచర్లు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారన్న ఒక్క వాస్తవం చాలు, ఆ తలుపు మూసి లేదని తెలియడానికి. అక్కడ నాన్-ఇమిగ్రెంట్ బి వీసా, వర్క్ పర్మిట్, వాటితోపాటు ఖురుసఫా అనే టీచర్ల మండలి లైసెన్సు గానీ తాత్కాలిక అనుమతి గానీ కావాలి. ఇంగ్లిష్ మాతృభాష కాని వారిని టోయిక్ లేదా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షల స్కోరు అడగడం అక్కడ మామూలు. బి.ఇడి. ఉండడం లైసెన్సు విషయంలో మీకు కలిసొస్తుంది. జీతాల్లో మాత్రం "నేటివ్" టీచర్లకు, మిగిలినవారికి మధ్య తేడా అక్కడ బాహాటంగానే ఉంటుంది.

మీ ఉత్తరంలో మీరు ప్రస్తావించని ప్రాంతమే మీకు అన్నిటికంటే అనువైనదని నా అభిప్రాయం. గల్ఫ్ దేశాల్లోని ప్రైవేటు స్కూళ్లు టీచరు పుట్టిన దేశం కంటే బి.ఇడి.నీ, తరగతి గది అనుభవాన్నీ ముందు చూస్తాయి. దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లను పర్యవేక్షించే కేహెచ్‌డీఏ గానీ, అబుదాబిలో అడెక్ గానీ టీచరు నియామకాన్ని ఆమోదించాలంటే ఆ రెండే ముఖ్యం. అక్కడ బ్రిటిష్, అమెరికన్, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్), సీబీఎస్ఈ పాఠ్యప్రణాళికలు నడిపే స్కూళ్లు పక్కపక్కనే ఉంటాయి. వాటి జీతాల మధ్య తేడా ఎక్కువ. తొలి ఉద్యోగం సీబీఎస్ఈ స్కూలులో దొరికినా, రెండు మూడేళ్ల అక్కడి అనుభవంతో మిగతా పాఠ్యప్రణాళికల వైపు మారినవారు ఉన్నారు. మాల్దీవులు కూడా చాలాకాలంగా విదేశీ టీచర్లను తీసుకుంటున్న దేశమే. యూరప్ యూనియన్ దేశాల విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు: తమ కూటమి పౌరులు దొరుకుతుండగా బయటివారికి వర్క్ పర్మిట్ తెప్పించే భాషా పాఠశాలలు అరుదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 120 గంటల టెఫ్ల్ (విదేశీ భాషగా ఇంగ్లిష్ బోధన) సర్టిఫికెట్లు చాలా చవకగా దొరుకుతున్నాయి. సెల్టా ఫీజు మాత్రం దానికి ఎన్నో రెట్లు ఉంది. రెండింటికీ విలువ ఒకటేనా? ఐఈఎల్‌టీఎస్‌లో నాకు 8 వచ్చింది. అది ఉంటే ఈ సర్టిఫికెట్ అవసరం ఉండదా?

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఐఈఎల్‌టీఎస్ మీకు ఇంగ్లిష్ ఎంత వచ్చో చెబుతుంది, దాన్ని ఇంకొకరికి ఎంత బాగా నేర్పగలరో చెప్పదు. ఆ స్కోరుకు సాధారణంగా రెండేళ్ల గడువు కూడా ఉంటుంది. కాబట్టి అది బోధనా సర్టిఫికెట్‌కు ప్రత్యామ్నాయం కాదు, పక్కన పెట్టవలసిన మరో కాగితం. ఇంగ్లిష్ మాతృభాష కాని అభ్యర్థికి 8 మంచి బలమే, దాన్ని రెజ్యూమే పై భాగంలోనే చూపండి.

ఇక అసలు సంగతి. సెల్టా కేంబ్రిడ్జ్ ఇచ్చే ఇంగ్లిష్ బోధనా సర్టిఫికెట్. దానితో సమానంగా చూసే మరొకటి ట్రినిటీ కాలేజ్ లండన్ వారి సెర్ట్‌టీసోల్. రెండూ బ్రిటన్ అర్హతల చట్రంలో 5వ స్థాయివి. సెల్టాకు 120 గంటల శిక్షణ ఉంటుంది, పూర్తికాలం చేస్తే నాలుగైదు వారాలు పడుతుంది. చవక కోర్సు కూడా 120 గంటలే అంటుంది కనుక రెండూ ఒకటే అనిపించడం సహజం. తేడా ఆ గంటల్లో ఏం జరుగుతుందన్నదానిలో ఉంది. సెల్టాలో ఇంగ్లిష్ నేర్చుకోవడానికి నిజంగా వచ్చిన వయోజనుల ముందు మీరు ఆరు గంటలు పాఠం చెప్పాలి. వెనక కూర్చున్న శిక్షకుడు ప్రతి పాఠం మీదా రాతపూర్వకంగా అభిప్రాయం ఇస్తాడు. తోటి శిక్షణార్థులు చూస్తుంటారు. అనుభవజ్ఞుల పాఠాలను మీరు ఆరు గంటలు గమనించాలి, నాలుగు రాత అసైన్‌మెంట్లు పూర్తిచేయాలి. చేరడానికే ఒక పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. చవక కోర్సుల్లో చాలావాటిలో వీడియోలు చూసి, బహుళైచ్ఛిక ప్రశ్నలకు జవాబులు గుర్తిస్తే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ఒక్క విద్యార్థి ముఖం కూడా చూడకుండా టీచరు అయినట్టు ఇచ్చిన ఆ కాగితాన్ని అనుభవమున్న ప్రిన్సిపాల్ ఎలా చూస్తారో ఊహించడం కష్టం కాదు.

అలాగని చవక సర్టిఫికెట్ వృథా అని కాదు. కొన్ని దేశాల్లో వర్క్ పర్మిట్ దరఖాస్తులో బోధనా సర్టిఫికెట్ అన్న గడి నింపడానికి అది సరిపోవచ్చు. మీకు ఇప్పటికే బి.ఇడి., అనుభవం ఉండి, ఆ గడి మాత్రమే ఖాళీగా ఉంటే దానికి పెద్ద మొత్తం ఖర్చుపెట్టనవసరం లేదు. తరగతి గది అనుభవం బొత్తిగా లేనివారికి మాత్రం నా సలహా ఒక్కటే: పరిశీలకుడి ముందు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పే భాగం లేని కోర్సులో డబ్బు పెట్టవద్దు. "అంతర్జాతీయ గుర్తింపు ఉంది" అన్న మాట చూసి ఆగిపోకుండా, ఆ గుర్తింపు ఇచ్చినది ఎవరో, వారికి ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. కొన్నిచోట్ల కోర్సు అమ్మేవారే గుర్తింపు సంస్థనూ పెట్టుకున్నట్టు తేలుతుంది.

ఇంకొక మాట. సెల్టా వయోజనులకు నేర్పడానికి ఉద్దేశించిన కోర్సు, అది స్కూలు టీచరు లైసెన్సు కాదు. ఇంటర్నేషనల్ స్కూళ్లు, గల్ఫ్ స్కూళ్లు లక్ష్యమైతే ముందు బి.ఇడి. లాంటి అర్హత కావాలి. భాషా కేంద్రాలు, యూనివర్సిటీల ప్రిపరేటరీ విభాగాలు లక్ష్యమైతే సెల్టాకు విలువ ఎక్కువ.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చదివాను. బోధించిన అనుభవం లేదు కానీ ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడతాను. నేరుగా విదేశాల్లో టీచరుగా చేరవచ్చా?

మీ పాస్‌పోర్టు మొదటి సమాధానంలో చెప్పిన ఏడు దేశాల్లో ఒకదానిది అయితే, ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా కొన్నిచోట్ల చేరవచ్చు. కాకపోతే, ఇప్పుడున్న స్థితిలో మంచి ఉద్యోగం రావడం కష్టమని సూటిగా చెప్పక తప్పదు. ధారాళంగా మాట్లాడే అభ్యర్థులకు స్కూళ్ల దగ్గర కొదవ లేదు. ఒక ఏడాది మీరున్న చోటే భాషా శిక్షణ కేంద్రంలోనో స్కూలులోనో పనిచేసి, జీతం రసీదులతో సహా అనుభవ పత్రం తీసుకోండి. ఆ తర్వాత సర్టిఫికెట్ కోర్సులో చేరితే అందులో చెప్పేది కూడా మీకు బాగా అర్థమవుతుంది. సాంకేతిక రంగంలో పనిచేసేవారికి వృత్తిపరమైన ఇంగ్లిష్ నేర్పే కోర్సులు చాలా దేశాల్లో ఉన్నాయి, అక్కడ మీ ఇంజనీరింగ్ చదువు అదనపు అర్హత అవుతుంది.

ప్రశ్న: వీడియో ఇంటర్వ్యూలో పదిహేను నిమిషాల డెమో పాఠం చెప్పమన్నారు. నా ఉచ్చారణ విని తిరస్కరిస్తారేమోనని భయంగా ఉంది. యాస మార్చుకోవడానికి ఏదైనా కోర్సు చేయాలా?

యాస మార్చుకోవద్దు. అరువు తెచ్చుకున్న అమెరికన్ యాస మూడో నిమిషంలో జారిపోతుంది, ఆ జారడం విన్నవారికి అసలు యాస కంటే ఎక్కువ ఇబ్బందిగా ఉంటుంది. ఇంగ్లిష్ మాట్లాడే ప్రపంచాన్ని మూడు వలయాలుగా విభజించి చూపిన భాషావేత్త బ్రజ్ కచ్రు 1980లలోనే, ఆ భాష ఏదో ఒక దేశపు సొంత ఆస్తి కాదని వాదించారు. టీసోల్ అనే ఇంగ్లిష్ టీచర్ల అంతర్జాతీయ సంఘం 2006లో, మాతృభాష కాదన్న కారణంతో ఇంగ్లిష్ టీచర్ల పట్ల వివక్ష చూపడాన్ని వ్యతిరేకిస్తూ అధికారికంగా ప్రకటన చేసింది. ప్రకటనలు చేసినంత మాత్రాన వివక్ష పోలేదన్నది నిజమే. కానీ మిమ్మల్ని ఇంటర్వ్యూకు పిలిచినవారు మీ పాస్‌పోర్టు చూసే పిలిచారు కదా. వారు వినదలచుకున్నది మీ మాట విద్యార్థికి అర్థమవుతుందా అన్నదే.

ఆ స్పష్టత కోసం మాత్రం కృషి చేయాలి, అదీ కొన్ని నిర్దిష్టమైన చోట్ల. తెలుగు మాతృభాషగా ఉన్నవారు ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ప్రతి అక్షరాన్నీ దాదాపు ఒకే బలంతో పలుకుతారు. ఇంగ్లిష్‌లో ఒక పదంలో ఒక చోట ఊనిక పడి మిగిలినవి నలిగిపోతాయి. ఫొటోగ్రాఫ్ అన్నప్పుడు మొదటి అక్షరం మీద, ఫొటోగ్రాఫర్ అన్నప్పుడు రెండో అక్షరం మీద, ఫొటోగ్రాఫిక్ అన్నప్పుడు మూడో అక్షరం మీద ఆ ఊనిక పడుతుంది. మీరు పాఠంలో వాడబోయే ఇరవై ముప్పై పదాలను నిఘంటువులో చూసి, ఊనిక ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టుకుని సాధన చేస్తే చాలు, వినేవారికి తేడా వెంటనే తెలుస్తుంది. రెండోది, పెదవులు గుండ్రంగా చుట్టి పలికే "వ"కూ, పై పళ్లు కింది పెదవికి తాకించి పలికే "వ"కూ తేడా చూపడం. మూడోది వేగం. భయంలో మనమందరం వేగంగా మాట్లాడతాము.

అయినా డెమో పాఠాల్లో అభ్యర్థులు దెబ్బతినేది ఉచ్చారణ దగ్గర కాదు, ఉపన్యాసం దగ్గర. ప్రెజెంట్ పర్ఫెక్ట్ చెప్పమంటే చాలామంది నిర్వచనంతో మొదలుపెట్టి, సూత్రం రాసి, మినహాయింపులు వల్లించి, పదిహేను నిమిషాలూ తామే మాట్లాడేస్తారు. ఎదుట కూర్చున్నవారు గడియారం పెట్టుకుని టీచరు ఎంతసేపు మాట్లాడాడు, విద్యార్థి ఎంతసేపు మాట్లాడాడు అని లెక్కిస్తుంటారని గుర్తుంచుకోండి.

మరో పద్ధతి చూడండి. తెర మీద ఒక మహిళ బొమ్మ, కింద రెండు వాక్యాలు పెట్టండి. ఒకటి "షి లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్", రెండోది "షి హాజ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్". ఏ సూత్రమూ చెప్పకుండా అడగండి: మొదటి వాక్యంలో ఆమె ఇప్పుడు ఇక్కడ ఉంటోందా? రెండో వాక్యంలో? పదేళ్లు ఎప్పుడు మొదలయ్యాయి, అయిపోయాయా, ఇంకా నడుస్తున్నాయా? ఈ చిన్న ప్రశ్నలను ఈ వృత్తిలో కాన్సెప్ట్ చెకింగ్ ప్రశ్నలంటారు. "అర్థమైందా?" అన్న ప్రశ్నకు ప్రపంచంలో ఏ విద్యార్థి అయినా అవుననే అంటాడు. "ఆమె ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగితే మాత్రం అర్థం కానివాడు దొరికిపోతాడు. ఆ తేడా వారి నోటితోనే చెప్పించాక సూత్రం రెండు వరుసల్లో రాసి, తమ గురించి తాము ఒక్కొక్క వాక్యం చెప్పమనండి. తప్పు చెప్పినప్పుడు వెంటనే సరిదిద్దకుండా, వేలితో తప్పున్న చోటు సూచించి విద్యార్థి చేతనే దిద్దించండి. వీడియోలో విద్యార్థుల పాత్ర పోషించేది ఇంటర్వ్యూ చేసేవారే అయినప్పటికీ ఇదంతా చేయవచ్చు, చేయాలి కూడా.

సూచనలు ఇచ్చేటప్పుడు చిన్న వాక్యాలు వాడండి. "ఇప్పుడు మీరందరూ ఏం చేయాలని నేను కోరుకుంటున్నానంటే" అన్న ధోరణిలో సాగే ఇంగ్లిష్ వాక్యం మొదటి స్థాయి విద్యార్థికి పాఠం కంటే కష్టం.

ప్రశ్న: ఒక ఏజెంటు టీచరు ఉద్యోగం ఖాయమని, ముందు టూరిస్టు వీసా మీద వెళితే అక్కడ వర్క్ వీసాగా మారుస్తారని, అడ్వాన్సు కట్టమని అంటున్నాడు. నమ్మవచ్చా?

నమ్మవద్దు, డబ్బు కట్టవద్దు. ఇంగ్లిష్ బోధనలో ఈ మోసం పాతదే. టూరిస్టు లేదా బిజినెస్ వీసా మీద తరగతి గదిలో నిలబడితే చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధమైన పని. పట్టుబడితే జరిమానా, నిర్బంధం, దేశ బహిష్కరణ ఎదుర్కొనేది మీరు, ఏజెంటు కాదు. చైనానే చూస్తే, ఉద్యోగానికి వెళ్లేవారు జడ్ వీసాతో ప్రవేశించి, దాన్ని 30 రోజుల్లోగా నివాస అనుమతిగా మార్చుకోవాలి. పర్యాటకుడిగా వెళ్లి పాఠాలు చెప్పడం ఆ దారి కాదు. కొన్ని దేశాల్లో ఒక రకం వీసాను మరో రకంగా మార్చుకునే వీలు ఉన్న మాట నిజమే. కానీ ఆ మార్పు పూర్తయ్యే వరకు పని చేయకూడదు, తిరస్కరిస్తే తిరుగు ప్రయాణం ఖర్చు మీదే.

ప్రైవేటు నియామక సంస్థలు ఉద్యోగార్థుల నుంచి రుసుము వసూలు చేయకూడదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన 181వ ఒప్పందంలోని సూత్రం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ కార్మిక చట్టం కూడా నియామక ఖర్చులను ఉద్యోగి మీద వేయడాన్ని నిషేధిస్తుంది. అన్ని దేశాలూ ఈ సూత్రాన్ని పాటించకపోయినా, పేరున్న స్కూలు పక్షాన పనిచేసే ఏజెంటుకు కమిషన్ ఇచ్చేది స్కూలే. మీకు వచ్చిన ఉద్యోగ పత్రంలో స్కూలు పేరు ఉంటే, ఆ స్కూలు వెబ్‌సైటులో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి. ఏజెంటు ఇచ్చిన నంబరుకు కాదు. అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న ఒక విదేశీ టీచరుతో మాట్లాడించమని కోరండి. నిజమైన స్కూలు దీనికి అభ్యంతరం చెప్పదు.

ప్రశ్న: ఒప్పంద పత్రం వచ్చింది. జీతం బాగానే ఉంది. సంతకం చేసే ముందు ఇంకేం చూడాలి?

జీతం అంకె ఒప్పందంలో అన్నిటికంటే తేలిగ్గా అర్థమయ్యే భాగం కనుకే, మిగిలినవి కనపడకుండా పోతాయి. ముందు పని గంటలు చూడండి. పాఠం చెప్పే గంటలు వేరు, స్కూలులో ఉండవలసిన గంటలు వేరు. కొరియా ప్రభుత్వ స్కూళ్లకు విదేశీ టీచర్లను తెచ్చే ఎపిక్ కార్యక్రమంలో వారానికి 40 గంటల పనివేళల్లో బోధన 22 గంటలు. ఆ పైన చెబితే అదనపు వేతనం. మీ పత్రంలో "వారానికి 30 గంటలు" అని మాత్రమే ఉంటే అది బోధనా గంటలో, మొత్తం గంటలో రాతపూర్వకంగా అడగండి. వారానికి 30 బోధనా గంటలంటే, పాఠాల తయారీ, దిద్దుబాటు, తల్లిదండ్రుల సమావేశాలు కలుపుకుని అది చాలా భారమైన పని.

తర్వాత జీతం ఎలా విభజించారో చూడండి. ఎమిరేట్స్‌లో ఏడాది సర్వీసు దాటిన ఉద్యోగికి వెళ్లేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల చొప్పున మూల వేతనం మీద లెక్కిస్తారు. మొత్తం జీతం ఒకటే అయినా, అందులో మూల వేతనం తగ్గించి ఇంటి అద్దె, రవాణా భత్యాలు పెంచి చూపిన స్కూలులో మీకు చివర్లో వచ్చేది తక్కువ. కొరియాలో ఏడాది పూర్తిచేసిన ఉద్యోగికి ఏడాదికి కనీసం 30 రోజుల సగటు వేతనం చట్టప్రకారం ఇవ్వాలి. అందుకే అక్కడ ఎవరైనా పదకొండు నెలల ఒప్పందం ఇస్తే కారణం అడగనక్కర్లేదు.

వేసవి సెలవులకు జీతం ఉందా, విమాన టికెట్ ముందే ఇస్తారా లేక మీరు కొన్నాక తిరిగి చెల్లిస్తారా, ఇల్లు ఇస్తామంటే ఒంటరిగానా ఇతరులతో కలిసా, ఆరోగ్య బీమా కుటుంబానికి కూడా వర్తిస్తుందా అన్నవి స్పష్టంగా రాసి ఉండాలి. మధ్యలో మానేస్తే మీరు కట్టవలసినది ఎంత, వారు తీసేస్తే మీకు ఇచ్చేది ఎంత అన్న రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిది మూడు పేరాలు, రెండోది సగం వాక్యం అయితే ఆ స్కూలు స్వభావం అక్కడే తెలిసిపోతుంది. వీసా యజమానికి ముడిపడి ఉండే దేశాల్లో ఉద్యోగం మారడానికి పాత యజమాని సమ్మతి పత్రం అవసరమవుతుందా అన్నదీ కనుక్కోండి. ఒప్పందం రెండు భాషల్లో ఉంటే, వివాదం వచ్చినప్పుడు ఏ భాషలోని ప్రతి చెల్లుతుందో చివరి పేజీలో ఉంటుంది. చాలాసార్లు అది మీరు చదవలేని భాషే అయి ఉంటుంది కనుక, ఆ ప్రతిని ఆ భాష తెలిసినవారి చేత చదివించాకే సంతకం చేయడం మంచిది. పాస్‌పోర్టు స్కూలు దగ్గర ఉంచాలన్న షరతు ఉంటే సంతకం చేయవద్దు.

ప్రశ్న: సర్టిఫికెట్లకు అపోస్టిల్ కావాలని ఒకరు, అటెస్టేషన్ కావాలని మరొకరు అంటున్నారు. ఏది సరైనది?

అది వెళ్లే దేశాన్ని బట్టి ఉంటుంది. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య పత్రం అసలైనదని తెలిపే అపోస్టిల్ అనే ఒక్క ముద్ర సరిపోతుంది. జపాన్, దక్షిణ కొరియా, ఒమన్ అందులో ఉన్నాయి, సౌదీ అరేబియా 2022లో చేరింది. ఎమిరేట్స్, కతార్, కువైట్ వంటి చోట్లకు మాత్రం మీ విదేశాంగ శాఖ ముద్ర తర్వాత ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర, చాలాసార్లు అక్కడికి చేరాక వారి విదేశాంగ శాఖ ముద్ర కూడా వేయించాలి, అటెస్టేషన్ అనేది దీన్నే. వారాలు పట్టే పని కనుక, ఉద్యోగం ఖాయమయ్యాక మొదలుపెడదామనుకుంటే చేరే తేదీ దాటిపోతుంది. డిగ్రీ, బి.ఇడి. పట్టాలకు ముందే వేయించి ఉంచవచ్చు. పోలీసు క్లియరెన్స్‌ను మాత్రం చివరి వరకు ఆపండి, దానికి ఆరు నెలల గడువు పెట్టే దేశాలు ఎక్కువ.

ముద్రలకు ముందు ఇంకో పని చేయండి. డిగ్రీ పట్టాలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండడం మనవారిలో చాలామందికి ఉన్న చిక్కు. వీసా అధికారి దృష్టిలో అవి ఇద్దరు వేర్వేరు మనుషుల పేర్లు. ఇద్దరూ ఒకరేనని ధ్రువీకరించే అఫిడవిట్ ముందుగా చేయించుకుని, దానికి కూడా ముద్ర వేయించాలేమో స్కూలును అడగండి. అనుభవ పత్రంలో చేరిన తేదీ, మానిన తేదీ, బోధించిన సబ్జెక్టు, తరగతులు, పూర్తికాలపు ఉద్యోగమన్న మాట తప్పనిసరిగా ఉండాలి. "వీరి ప్రవర్తన సంతృప్తికరం" అన్న ఒక్క వాక్యంతో వచ్చే పత్రం వీసాకు ఎందుకూ పనికిరాదు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఇరవై ఏళ్లకు పైగా అనుభవం ఉంది. ఈ వయసులో ప్రయత్నించవచ్చా?

ప్రయత్నించండి, కానీ ఆలస్యం చేయకండి. చైనాలో 60 దాటినవారికి వర్క్ పర్మిట్ సాధారణంగా రాదు, మరికొన్ని దేశాల్లోనూ పదవీ విరమణ వయసు దగ్గరపడినవారికి అనుమతులు కష్టమవుతాయి. చిన్నపిల్లల ఆటపాటల కేంద్రాలు యువకులనే కోరుకుంటాయి కనుక వాటిని వదిలేసి, విభాగాధిపతి, పరీక్షల సమన్వయకర్త, టీచర్ల శిక్షకుడు లాంటి పదవులకు, యూనివర్సిటీ భాషా విభాగాలకు దరఖాస్తు పెట్టండి. రెజ్యూమేలో ఇరవై ఏళ్ల చరిత్ర అంతా రాయకుండా గత పదేళ్లలో చేసినదానికి ఎక్కువ చోటివ్వండి.

ప్రశ్న: ఏ నెలల్లో దరఖాస్తు పెడితే మంచిది?

విద్యా సంవత్సరాన్ని బట్టి వెనక్కి లెక్కించండి. గల్ఫ్‌లోని బ్రిటిష్, అమెరికన్ పాఠ్యప్రణాళికల స్కూళ్లు, ప్రపంచవ్యాప్తంగా చాలా ఇంటర్నేషనల్ స్కూళ్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి. వాటి నియామకాలు ముందటి నవంబరు నుంచి మార్చి మధ్య జోరుగా సాగుతాయి. జపాన్‌లో స్కూళ్లు ఏప్రిల్‌లో, కొరియాలో మార్చిలో, థాయ్‌లాండ్‌లో మే నెలలో తెరుచుకుంటాయి. కొరియాలో సెప్టెంబరులో, థాయ్‌లాండ్‌లో నవంబరులో రెండో సెమిస్టరు మొదలవుతుంది కనుక అప్పుడూ ఖాళీలు వస్తాయి. పత్రాల ముద్రలకు, వీసాకు కలిపి కనీసం నాలుగు నెలలు చేతిలో ఉంచుకోండి. భాషా కేంద్రాలు ఏడాది పొడవునా తీసుకుంటాయి. ఏడాది మధ్యలో హఠాత్తుగా వచ్చే ఖాళీలకు పోటీ తక్కువగా ఉంటుంది, కానీ ముందున్న టీచరు ఎందుకు వెళ్లిపోయారో ఇంటర్వ్యూలో అడిగి తెలుసుకోండి.